కొత్త వ్యవస్థ - పాత అక్షరం

ఖమ్మం జిల్లా తూర్పు అంచున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలో సత్తుపల్లి పట్టణం ఉన్నది. చుట్టూ మామిడి తోటలు, పామాయిల్ తోటలు. ఊరి పక్కనే సింగరేణి వారి ఉపరితల బొగ్గు గనులు. అశ్వారావుపేట దారిన ఇంకా ముందుకు పోతే అడవులు. ఇటువంటి పట్టణంలో బస్టాండు పరిసరాల్లో రెండు మూడు జిరాక్సు, డి.టి.పి. దుకాణాలు తప్పక ఉంటాయి. శుభలేఖకూ, బడి ప్రశ్నపత్రానికీ, కౌలు కాగితానికీ, జాతర కరపత్రానికీ జనం అక్కడికే పోతారు. అటువంటి దుకాణం ఒకదాన్ని ఊహించుకొందాం.

దుకాణదారుకు ఒక పాత కంప్యూటరు ఉన్నది. పదిహేనేళ్లుగా తయారు చేసిన తెలుగు కాగితాలన్నీ దానిలోనే ఉన్నవి. కొత్తది పాతదానికంటె మేలే కదా అని ఆయన ఒకనాడు మెకానిక్కును పిలిపించి కొత్త విండోస్ ఎక్కించుకొన్నాడు. ఫైళ్లన్నీ జాగ్రత్తగా తీసి మళ్లీ పెట్టించాడు. మరునాడు దుకాణం తెరిచేసరికి నాలుగు వింతలు కనిపించినవి. నిన్నటి వరకు పనిచేసిన ప్రింటరును కంప్యూటరు గుర్తించలేదు. ఒక్క ఫైలు తెరవడానికి టీ తాగి వచ్చేంత సేపు పట్టింది. ఒకే పుటలో ఇమిడిన కరపత్రం రెండవ పుటలోకి పొర్లింది. అన్నిటికంటె ఘోరం, పాత శుభలేఖ తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ, గీతలూ, చుక్కలూ కనిపించినవి. పెండ్లివారేమో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

యంత్రంలో ఏ భాగమూ విరగలేదు. ఫైళ్లలో ఒక్క అక్షరమూ చెరగలేదు. మరి ఏమయినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే, కంప్యూటరు లోపల ఎవరితో ఎవరికి ఏ ఒప్పందం ఉన్నదో ముందుగా తెలుసుకోవాలి.

నిర్వాహక వ్యవస్థ

కంప్యూటరులో లెక్కలు చేసే భాగం ఉన్నది, జ్ఞాపకం ఉంచుకొనే భాగం ఉన్నది, ప్రింటరు, కీబోర్డు మొదలైన ఉపకరణాలు ఉన్నవి. మనం వాడే ప్రోగ్రాములు వీటిని నేరుగా తాకవు. నడుమ ఒక పెద్ద ఉన్నాడు. అతడే నిర్వాహక వ్యవస్థ. దీనినే ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్, లినక్స్, ఫోన్లలోని ఆండ్రాయిడ్, ఐఓఎస్ అన్నీ ఈ జాతివే. "ఈ అక్షరాన్ని తెర మీద చూపు", "ఈ పుటను అచ్చువేయి" అని ప్రోగ్రాము అడుగుతుంది. నిర్వాహక వ్యవస్థ ఆ పని చేయించి పెడుతుంది. ఎట్లా అడగాలో, ఎట్లా సమాధానం వస్తుందో ముందుగానే నిర్ణయమై ఉంటుంది. ఇదే వారి ఒప్పందం.

సత్తుపల్లి బొగ్గును మోసుకుపోయే రైలు సంగతి చూడండి. 2022లో జాతికి అంకితమైన భద్రాచలం రోడ్-సత్తుపల్లి మార్గం బ్రాడ్ గేజి మార్గం. మన దేశంలో బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. వ్యాగను ఏ కర్మాగారంలో తయారైనా ఆ కొలత పాటిస్తే చాలు, ఈ మార్గం మీద నడుస్తుంది. మీటరు గేజి బండి ఎంత మంచిదైనా ఇక్కడ నడవదు. బండిదీ తప్పు కాదు, పట్టాలదీ తప్పు కాదు. కొలత కలవలేదు, అంతే.

కాని కంప్యూటరులో చిక్కు ఇంతకంటె లోతైనది. వ్రాసి పెట్టిన ఒప్పందంతో పాటు, వ్రాయని అలవాట్లు కూడా పేరుకుపోతాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి లో చాలామంది సర్వాధికారాలూ గల ఖాతాతోనే పనిచేసేవారు. అందువల్ల ప్రోగ్రాములు వ్యవస్థ తాలూకు ఫోల్డర్లలోనే తమ వివరాలు వ్రాసుకొనేవి. అట్లా చేయవద్దని నియమం ఉన్నా ఆటంకం లేనందువల్ల అలవాటైపోయింది. 2007లో ప్రజలకు అందిన విస్టాలో భద్రత కోసం ఆ తలుపు మూసివేశారు. నియమం పాటించిన ప్రోగ్రాములు నడిచినవి; అలవాటు మీద ఆధారపడినవి తొట్రుపడినవి. అలవాట్ల బలం ఎంతటిదంటే, 2009లో వచ్చిన విండోస్ 7 కు లోపలి సంఖ్య 7 కాదు, 6.1 మాత్రమే. విస్టా సంఖ్య 6. మొదటి అంకె మారితే పాత ప్రోగ్రాములు తికమక పడతాయని దాన్ని మార్చలేదు!

ప్రింటరు ఎందుకు అలిగింది?

ప్రపంచంలో వేలకొలది రకాల ప్రింటర్లు ఉన్నవి. ఒక్కొక్కదాని భాష వేరు. నిర్వాహక వ్యవస్థ మాటను ప్రింటరుకు తెలిసే భాషలోకి మార్చే దుబాసీ ప్రోగ్రామును డ్రైవరు అంటారు. పాత ప్రింటరుకు పాత డ్రైవరు ఉన్నది. అది 32 బిట్ల వ్యవస్థకై వ్రాసినది. 2021లో వెలువడిన విండోస్ 11 కేవలం 64 బిట్లది. 32 బిట్ల సాధారణ ప్రోగ్రాములను అది నడపగలదు గాని, 32 బిట్ల డ్రైవర్లను ఒప్పుకోదు. ఇంకా పాతవైన 16 బిట్ల ప్రోగ్రాములను అసలే నడపదు. తయారీదారు కొత్త డ్రైవరు వ్రాసి ఇస్తే సరి. కాని పదేళ్ల క్రితం అమ్మిన ప్రింటరుకు ఇప్పుడు డ్రైవరు వ్రాయడం అతనికి గిట్టుబాటు కాదు. కాబట్టి చక్కగా నడిచే యంత్రం మూలపడుతుంది.

సాధారణ ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే ఆగిపోతుంది. వ్యవస్థ గర్భంలో నడిచే డ్రైవరు వంటిది తప్పు చేస్తే కంప్యూటరు మొత్తం పడిపోతుంది. 2024 జూలై 19న లోకమంతా దీన్ని చూచింది. అది వ్యవస్థ మార్పు కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక చిన్న సవరణ. కొత్త వివరణ ప్రకారం 21 అంశాలు ఉండాలి. వాటిని అందించే భాగం 20 మాత్రమే ఇచ్చింది. లేని ఇరవై ఒకటవదాన్ని చదవబోయి, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలినవి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఇరవైకీ ఇరవై ఒకటికీ మధ్య తేడా ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది.

వేగం ఎందుకు తగ్గింది?

విండోస్ ఎక్స్‌పి కి కనీసం 64 మెగాబైట్ల స్మృతి చాలునన్నారు. 64 బిట్ల విండోస్ 7 కు 2 గిగాబైట్లు కావలసి వచ్చినవి. విండోస్ 11 కు కనీసం 4 గిగాబైట్లు. ఇరవై ఏళ్లలో అవసరం 64 రెట్లు పెరిగిందన్నమాట. స్మృతి చాలనప్పుడు నిర్వాహక వ్యవస్థ ఒక ఉపాయం చేస్తుంది: వెంటనే అక్కరలేని సమాచారాన్ని డిస్కులోకి దింపి, కావలసినప్పుడు మళ్లీ పైకి తెచ్చుకొంటుంది.

ఈ ఉపాయం ఖరీదైనది. స్మృతి నుంచి ఒక అంశం తీయడానికి సుమారు 100 నానోసెకండ్లు పడితే, తిరిగే డిస్కులో దాన్ని వెతికి తీయడానికి సుమారు 10 మిల్లీసెకండ్లు పడుతుంది. అంటే లక్ష రెట్లు. వంటింటి డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీయడానికి ఒక సెకండు పడుతుందనుకొంటే, డిస్కులోంచి తేవడం 27 గంటలకు పైబడిన ప్రయాణం! దుకాణదారు టీ తాగి వచ్చేదాకా కంప్యూటరు చేస్తున్నది ఈ ప్రయాణమే. తిరిగే డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. పెడితే వెతికే కాలం సుమారు నూరవ వంతుకు తగ్గుతుంది. పాత యంత్రాలకు అది కొత్త ప్రాణం పోసినట్లు కనబడడానికి కారణం ఇదే.

మరొక రకం మందకొడితనం తాత్కాలికమైనది. కొత్త వ్యవస్థ ఎక్కగానే ఫైళ్లన్నిటికీ సూచిక తయారు చేసుకొంటుంది. వైరస్ నిరోధక ప్రోగ్రాము ప్రతి ఫైలునూ పరిశీలిస్తుంది. మిగిలిన సవరణలు ఇంటర్నెట్టు ద్వారా దిగుతూ ఉంటాయి. రెండు మూడు రోజులు యంత్రాన్ని నడవనిస్తే ఈ పని ముగుస్తుంది. ఆ తరువాత కూడా నెమ్మదిగానే ఉంటే లోపం స్మృతిలోనో, డిస్కులోనో, డ్రైవరులోనో ఉన్నదని గ్రహించాలి.

శుభలేఖ ఎందుకు చెదిరింది?

ఇక మన భాషకు ప్రత్యేకమైన చిక్కు. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ఏ సంఖ్యకు ఏ అక్షరమో ముందుగా అనుకోవాలి. పాత డి.టి.పి. ఫాంట్లలో 256 స్థానాలకు మించి ఉండేవి కావు. అందువల్ల తెలుగు అక్షరాలను తలకట్లు, కొమ్ములు, ఒత్తులు, గుడులు అనే ముక్కలుగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలోనే ఆ బొమ్మలను కూర్చారు. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది ఒక్కొక్క ఫాంటు సంస్థ తన ఇష్టం ప్రకారం నిర్ణయించుకొన్నది. ఆ ఫైలులో నిజంగా ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. ఫాంటు అనే ముసుగు ఉన్నంత కాలం అవి తెలుగుగా కనిపించినవి. కొత్త వ్యవస్థతో పాటు ఆ ఫాంటు తిరిగి రాలేదు, ముసుగు తొలగింది. శుభలేఖ చెరగలేదు, దాన్ని చదివే తాళంచెవి పోయింది.

దీనికి శాశ్వత పరిష్కారంగా వచ్చినది యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి ప్రతిలోనే తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు ఇచ్చారు. ఇవి లోకమంతటా ఒక్కటే. 3100 అంటే సత్తుపల్లిలోనూ, అమెరికాలోనూ "జ" మాత్రమే. విండోస్ ఎక్స్‌పి ఈ పద్ధతిలో తెలుగును చూపడం నేర్చి, గౌతమి అనే ఫాంటును వెంట తెచ్చింది.

అయినా చిక్కులు పూర్తిగా తీరలేదు. 2015లో వచ్చిన విండోస్ 10 లో గౌతమి, వాణి ఫాంట్లను ఐచ్ఛికాల జాబితాలోకి మార్చారు. కోరి ఎక్కించుకొంటేనే వస్తాయి. అవి లేనప్పుడు తెలుగు నిర్మల అనే మరొక ఫాంటులో కనిపిస్తుంది. చదవడానికి ఇబ్బంది లేదు. కాని అక్షరాల వెడల్పు వేరు కనుక పంక్తి విరిగే చోటు మారుతుంది; ఒక పుటలో ఇమిడిన కరపత్రం రెండవ పుటలోకి పొర్లుతుంది. దుకాణదారు చూచిన మూడవ వింత ఇదే. వెనుకకు చూస్తే మరొక చిక్కు: ప్రాచీన లిపిలోని నకార పొల్లు 2021లోనే యూనికోడ్‌లో చోటు సంపాదించింది. అంతకు ముందటి వ్యవస్థల ఫాంట్లలో అది లేదు కనుక దానికి బదులు ఖాళీ పెట్టె కనిపిస్తుంది. కొత్త వ్యవస్థ పాత అక్షరాన్ని పోగొట్టవచ్చు. పాత వ్యవస్థ కొత్తగా చేరిన అక్షరాన్ని చూపలేకపోవచ్చు.

"జ్ఞా" చేసిన అలజడి

విజ్ఞానం అనే మాటలో కంటికి కనబడే అక్షరాలు మూడు. కాని కంప్యూటరుకు అవి ఎనిమిది సంఖ్యలు: వ 3125, గుడి 3135, జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134, న 3112, సున్న 3074. ఈ వరుసను చూచి నిర్వాహక వ్యవస్థ బొమ్మ కట్టాలి. జకూ ఞకూ నడుమ పొల్లు ఉన్నది కాబట్టి ఞను ఒత్తుగా మార్చి జ దగ్గర చేర్చాలి. ఆ తరువాత వచ్చిన దీర్ఘం ఞకు కాదు, పైనున్న జకు తగిలించాలి. పలికే వరుస ఒకటి, వ్రాసే అమరిక ఒకటి. ఇంగ్లీషుకు ఈ బాధ లేదు.

ఇది గాక, కంటికి కనబడని ఒక గుర్తు ఉన్నది. దాని సంఖ్య 8204. రెండు అక్షరాలు కలవకుండా విడదీయడం దాని పని. "సాఫ్ట్‌వేర్" అని వ్రాసేటప్పుడు వ వెళ్లి ట కింద ఒత్తుగా చేరకుండా ఈ గుర్తే కాపాడుతుంది. దీన్ని పొల్లు తరువాత పెట్టడం పరిపాటి.

2018 ఫిబ్రవరిలో, జ్ఞా అనే అక్షరంలో ఞకూ దీర్ఘానికీ నడుమ ఈ గుర్తు ఉంటే ఏమవుతుందో లోకానికి తెలిసింది. ఆ వరుసను చూపబోయిన ఐఫోను ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోయేది. అది సందేశంగా వచ్చి హెచ్చరికలో కనిపిస్తే ఫోను ముఖపుటే కూలి, మళ్లీ మొదలై, అదే అక్షరాన్ని చూపబోయి మళ్లీ కూలేది. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోన్లతో పాటు ఆపిల్ సంస్థ కంప్యూటర్లలోనూ, గడియారాలలోనూ ఈ దోషం బయటపడింది. కొంటె వారు దాన్ని ఇతరులకు పంపి వినోదించారు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 సవరణతో దోషం పోయింది. ఆ సంస్థ తన ప్రకటనలో దీన్ని స్మృతి చెదిరే దోషంగా పేర్కొన్నది.

లోకంలో దీనికి తెలుగు దోషం అని పేరు వచ్చింది. నిజానికి దోషం తెలుగుది కాదు. అటువంటి వరుసలే వంగ లిపిలోనూ, దేవనాగరిలోనూ ఇదే ఫలితం ఇచ్చినవి. అక్షరాలను కూర్చే ప్రోగ్రాము అరుదైన వరుసను ఎదుర్కొనేటట్లు వ్రాయబడలేదు. వెలువడే ముందు ఆ వరుసతో పరీక్షింపబడలేదు. ఇది మనం గమనించవలసిన విషయం. కొత్త వ్యవస్థను దాని నిర్మాతలు తమకు తెలిసిన భాషలతో, తమ దగ్గర ఉన్న యంత్రాలతో పరీక్షిస్తారు. వారికి తెలియనివాటి పరీక్ష మన దుకాణాలలో, మన జేబులలో జరుగుతుంది.

ఐ.బి.ఎం. సిస్టం 360 నిర్వాహక వ్యవస్థ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన గ్రంథంలో, ఒక దోషాన్ని సవరించినప్పుడు మరొక దోషం ప్రవేశించే అవకాశం నూటికి 20 నుంచి 50 వరకు ఉంటుందని అంచనా వేశాడు. మార్పు అన్నది ఉన్నంత కాలం ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

మార్చకుండా ఉండవచ్చునా?

ఇంత బాధ ఎందుకు, పాతదానితోనే సరిపెట్టుకొందాం అనిపించవచ్చు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి సొమ్ము అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడినవి. అది చొరబడిన కన్నాన్ని పూడ్చే సవరణ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న, వెలువడింది. ఎక్కించుకొన్నవారు బయటపడ్డారు. జ్ఞా దోషానికి మందు కూడా మరొక సవరణే కదా.

విండోస్ ఎక్స్‌పి కి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7 కు 2020 జనవరి 14న, విండోస్ 10 కి 2025 అక్టోబరు 14న సాధారణ రక్షణ సవరణలు ఆగిపోయినవి. విండోస్ 11 కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగమూ, నిర్ణీత జాబితాలోని ప్రాసెసరూ ఉండాలి. కనుక నడుస్తున్న యంత్రాలు అనేకం దానికి అర్హం కావు. అటువంటివారు లినక్స్ వంటి ఉచిత వ్యవస్థను పరిశీలించవచ్చు. కాని అక్కడ కూడా ప్రింటరునూ, ఫాంటునూ ముందుగా పరీక్షించక తప్పదు.

ముందు జాగ్రత్తలు

వ్యవస్థను మార్చదలచినవారు మొదట ఫైళ్లన్నిటికీ రెండు ప్రతులు తీసి, కనీసం ఒకదాన్ని వేరే చోట ఉంచాలి. ఫైళ్లతో పాటు ఫాంట్లనూ, తెలుగు టైపు ప్రోగ్రాము తాలూకు డిస్కునూ, హార్డ్‌వేర్ లాకునూ భద్రపరచాలి. మన దుకాణదారు మరచినది ఇదే. ప్రింటరుకు కొత్త వ్యవస్థకు సరిపడే డ్రైవరు ఉన్నదీ లేనిదీ ముందే విచారించాలి. పెండ్లిళ్ల కాలంలో, పరీక్షల ముందు ఈ పనికి పూనుకోరాదు. కరెంటు నిలకడలేని చోట్ల యు.పి.ఎస్. లేకుండా మొదలుపెట్టరాదు, సగంలో ఆగిన మార్పు అన్నిటికంటె చెడ్డది. విండోస్ 10 నుంచి ఫైళ్లు తుడవకుండా 11 కు మారినవారికి నచ్చకపోతే, సాధారణంగా పది రోజుల లోపల వెనుకకు పోయే వీలు ఉన్నది. ఆ గడువులోనే అన్నిటినీ పరీక్షించుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది, పాత ఫాంట్లలోని కాగితాలను ఆ ఫాంటు పనిచేస్తున్న కాలంలోనే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చిపెట్టే ప్రోగ్రాములు ఉన్నవి. మార్చిన తరువాత ఒత్తులనూ, అంకెలనూ మనిషి ఒకసారి సరిచూడాలి. దానితో పాటు ఫాంటును లోపలే ఇముడ్చుకొన్న పి.డి.ఎఫ్. ప్రతి ఒకటి దాచాలి. అక్కరకు పనికివస్తుందనుకొంటే, పాత కంప్యూటరును ఇంటర్నెట్టుకు కలపకుండా ఆ ఫైళ్ల కోసమే ఒక మూల ఉంచవచ్చు.

శుభలేఖ పోతే మరొకటి కూర్చుకోవచ్చు. కాని ఇటువంటి చిన్న పట్టణాల కంప్యూటర్లలో శుభలేఖలే లేవు. ఊరి చరిత్ర వ్రాసుకొన్న పెద్దల కాగితాలు ఉండవచ్చు. ఉపాధ్యాయులు తయారు చేసిన పాఠాలు ఉండవచ్చు. ఈ అడవి అంచున మాట్లాడే కోయ భాషను తెలుగు లిపిలో పెట్టిన కథలూ, పాటలూ ఉండవచ్చు. తాటాకును చెదలు తింటే రంధ్రాలు కనిపిస్తాయి. ఫాంటు పోయిన ఫైలుకు చెద పట్టిన గుర్తు ఉండదు. తెరిచిన నాడు గాని తెలియదు. తాళంచెవి చేతిలో ఉన్నప్పుడే పెట్టె తెరిచి చూచుకోవడం మంచిది.